యుద్ధమునకు మూడవ కారణము

శరత్కాల ప్రభాతమునందు నిర్మేఘమైన గగనము క్రింద రెల్లుపూవుల ధవళకాంతితో ఇరుదరులు మెఱయుచుండగా శోణవేణీనది తాళగిరి రాజ్యములోనికి శవములను మోసికొని వచ్చుచుండెను. ఎగువనున్న తూర్పు పడమటి సామ్రాజ్యములు రెండును తొమ్మిదేండ్లుగా పోరుచుండెను. ఏ పక్షమునను చేరని తాళగిరివారు కొట్టుకొనివచ్చిన భటులను ఎవరివారని విచారింపక ఒడ్డునకు లాగి ఒకే చితిపై దహించుచుండిరి. ఈ యాచారమును నెలకొల్పినవాడు మంత్రియైన మాచనామాత్యుడు. తన యేకపుత్రుడు ప్రోలన ఖడ్గవిద్య నేర్చిన ఇరువదిరెండేండ్లవాడయ్యు ఇంకను బ్రతికియుండుటకు ఈ తటస్థతయే కారణమని యతడు ప్రతిదినమును తలచుకొనుచుండెను.

ఆ యుదయమున తూర్పు చక్రవర్తి రాయబారి నూఱు బండ్ల గంధపుచెక్కలతో వచ్చి రాజైన గుండభూపతికి చేతులు జోడించెను.

"మహారాజా! మా వీరుల దహనక్రియలు మీ చేతులమీదుగా జరుగుచున్నవి. కృతజ్ఞతతో మా ప్రభువు పంపిన కానుక యిది. మీవంటి పుణ్యాత్ములు యుద్ధమునకు రాకుండుటయే లోకమునకు మేలు."

ఆ మాటలలో ఎగతాళి లేశమైనను లేదు. కాని వెనుక వరుసలోని సామంతుడొకడు ప్రక్కవానివైపు వంగెను.

"ఇంక మన రాజముద్రలో సింహమును తీసి కట్టెలమోపు వేయింపవలె బావా!"

"మెల్లగా అనుము. విన్నచో నిప్పుకుండ కూడ నీ చేతికే యిచ్చును."

రాజు వినెను. వినియు చిఱునవ్వుతో కానుక గైకొనెను. వేయి తిట్లను మఱవగల యా రాజు ఒక్క నిష్కపటమైన మెచ్చుకోలును మఱవలేకపోయెను.

మఱునాడు మంత్రిని పిలిపించెను. "పడమటివారితో చేరుచున్నాము. తూర్పువానిపై యుద్ధము చాటింపుము."

"దేవా! వారు మనకేమి యపకారము చేసిరి?"

"అది వ్రాయుటకే గదా నీవున్నావు!"

మాచన మూడు కారణములు వ్రాసెను. నదీమార్గమును మూసిరనునది మొదటిది. సరిహద్దు పశువులను తోలుకొనిపోయిరనునది రెండవది. రెండును అబద్ధములని యతడెఱుగును. మూడవది ధర్మము. దానిని వ్రాయునపుడు వాక్యము చక్కగా కుదిరినదని తన మనస్సున పొడమిన సంతోషమును తానే చూచి భయపడెను.

నాలవనాడు ప్రోలన కవచము ధరించి యెదుట నిలిచెను.

"నాయనగారూ! కోటవాకిట మీ ప్రకటన చదివిరి. ధర్మము చచ్చుచుండగా ఒడ్డున నిలిచి చూచుట పాపమంటిరే, అక్కడ నాకు కన్నీరాగలేదు. తొమ్మిదేండ్లు పిరికివాడనై బ్రతికితినని సిగ్గుపడి సైన్యమున చేరితిని."

"నాయనా, అది..."

ద్వారమున రాజభటులుండిరి. అంతకంటె భయంకరముగా కొడుకు కన్నులలో తనయెడ గౌరవముండెను.

ప్రోలన పాదములకు మ్రొక్కబోయెను. మాచన కాళ్లు వెనుకకు తీసికొనెను. అది వినయమని తలచి కొడుకు మఱింత వంగెను.