ఎస్-4 దగ్గర ఎర్ర నేల

"ఇక్కడ ఈ ఎర్ర మచ్చేంటి?" అని అడిగాడు రామకాంత్.

భానుశ్రీ మానిటర్ వైపు చూడలేదు. చూడాల్సిన పనే లేదు. ఆ మచ్చ ఎక్కడుందో, ఎంత పొడవో, ఎంత వెడల్పో కళ్లు మూసుకున్నా చెప్పగలదు.

"మీరేమనుకుంటున్నారు సార్?"

"అనుకోవడానికేముంది, ఎర్ర నేల. పాత రిపోర్టులోనూ అదే రాశాం. ఎస్-4 పాయింట్ అక్కడే కదా. అలాగే ఉంచెయ్."

"ఒకసారి ఫీల్డ్‌కి వెళ్లి చూసొద్దామా సార్? రెండు గంటల ప్రయాణం."

రామకాంత్ నవ్వాడు. బెజవాడలో ఐదో అంతస్తులో అతని ఆఫీసు. గోడ నిండా సర్టిఫికెట్లు, బల్ల మీద ఖరీదైన కాఫీ మిషను. ఫ్యాక్టరీలకి పర్యావరణ నివేదికలు రాసిపెట్టడం అతని వ్యాపారం.

"అర మీటరు వస్తువు కూడా ఉపగ్రహానికి కనిపిస్తుంటే ఎండలో పడి చేలంట తిరగడమెందుకమ్మా? పోయినేడు ఫిబ్రవరి పద్దెనిమిదిన నేనే స్వయంగా మట్టి తీశానని రాయి. సంతకం నేను పెడతాను."

"అలాగే సార్," అంది భానుశ్రీ.

ఆ ఎర్ర మచ్చ మిరపకాయలు ఆరబోసిన కల్లం. ఆ కల్లం ఆమె తండ్రి చెంచయ్యది.

చిలకలూరిపేటకి పన్నెండు కిలోమీటర్లలో ఉంది వాగొడ్డుపాలెం. ఊరంతా నల్లరేగడి. వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకు నడవాల్సిన ఊరు. భానుశ్రీ తొమ్మిదో తరగతి చదివేటప్పుడు వాగుకి ఎగువన నూలుకి రంగులద్దే ఫ్యాక్టరీ వెలిసింది. ఏడాది తిరక్కుండా వాగు ఒకరోజు నీలంగా, ఒకరోజు గులాబీరంగుగా పారడం మొదలుపెట్టింది. ఆ నీళ్లు తాగి నాలుగు గేదెలు చచ్చాయి. మంచినీళ్ల బావి వాసనకొట్టింది. చెంచయ్య ఆ రంగునీళ్లు సీసాలో పట్టుకుని గుంటూరులో తిరగని ఆఫీసు లేదు.

చివరికి ఫ్యాక్టరీ వాళ్లే నిపుణుణ్ణి పెట్టి పరీక్షలు చేయించారు. ఆ నిపుణుడే రామకాంత్. మూడొందల పేజీల ఇంగ్లీషు రిపోర్టులో ఊరికి తెలుగులో చదివి వినిపించింది ఒక్క పేరానే. ఎస్-4 అనే చోట, అంటే చెంచయ్య పొలంలో తీసిన మట్టి నిండా పురుగుమందుల అవశేషాలున్నాయని, నీళ్లు పాడైంది అక్కడినుంచేనని.

ఊరు ఇట్టే నమ్మింది. అప్పటికే ఇంటికొకడు ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు మరి. మిరపకాయలు కోసే ముఠాకి పెద్ద పేరమ్మ. ఆమె కొడుకు అక్కడ సూపర్‌వైజరు. "గొడ్లని చంపినోడి చేలో నా ముఠా దిగదు," అని రోడ్డు మీద నిలబడి చెప్పింది పేరమ్మ. అంతే, ఇంకే ముఠా దిగలేదు. తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురే కోయగలిగినంత కోశారు. మిగతా పంట చెట్టునే ఎండి తాలయిపోయింది. మరుసటేడు చెంచయ్య పొలాన్ని బుడే అనే రైతుకి కౌలుకిచ్చేసి, పేటలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లుకి వాచ్‌మన్‌గా చేరిపోయాడు. మళ్లీ ఆ ఊళ్లో అడుగు పెట్టలేదు.

మిల్లు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఆయన ఒక్కటే మాట అంటుండేవాడు.

"నేను మందు కొట్టిన మాట నిజమే. ఊళ్లో కొట్టనోడెవడు? కానీ మట్టి తీశాడంటున్నారే, ఎప్పుడొచ్చాడమ్మా ఆయన? పగలంతా కల్లం దగ్గరే పడుంటినే. నా కంటపడకుండా ఎట్టా తీశాడు?"

ఆ ప్రశ్నే భానుశ్రీని చదివించింది. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీకి జియోస్పేషియల్ టెక్నాలజీ, దాంతోపాటు పర్యావరణ శాస్త్రం తీసుకుంటానంటే మేనత్త మొహం చిట్లించింది. "ఆకాశంలోంచి పొలాలు చూసే చదువా? కిందుండి చూస్తే కనపడవటే?" అంది. ఎవడు ఏ రోజు ఎక్కడున్నాడో, ఏ రోజు ఏ నేల ఎలా ఉందో లెక్క తేల్చే చదువు అదొక్కటే అని భానుశ్రీకి అప్పటికే అర్థమైంది.

మొదటి ఏడు ల్యాబులో ఒక రోజు గురునాథం మాస్టారు పల్నాడు వైపు ఉపగ్రహ చిత్రం ఇచ్చి, నేలని రకాలుగా విడదీయమన్నారు. సాఫ్ట్‌వేరు రంగుల్ని బట్టి విడదీసింది. పచ్చనివి పైర్లు, నల్లనివి దుక్కులు, ఎర్రనివి ఎర్ర నేలలు. భానుశ్రీకి నవ్వాగలేదు.

"ఏమ్మా, ఏముందందులో నవ్వడానికి?"

"అవి నేలలు కావండీ, మిరపకాయలు. ఫిబ్రవరిలో మా కల్లాలన్నీ పైనుంచి ఇలాగే ఉంటాయి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "విన్నారా అందరూ? అక్కడికెళ్లి నిలబడి చూడకుండా మ్యాపు మీద సంతకం పెట్టినవాణ్ణి ఈ అమ్మాయి నడిబజార్లో నిలబెట్టగలదు," అన్నారు.

ఆయన మామూలుగా అన్న మాటే. కానీ ఆ సాయంత్రం హాస్టల్లో భానుశ్రీ ఆ పాత రిపోర్టు తెరిచింది. అంతకుముందు చాలాసార్లు చదివిందే. ఎప్పుడూ చూడని అనుబంధం పేజీలకి వెళ్లింది. ఎస్-4. పక్కనే అక్షాంశం, రేఖాంశం. ఆ అంకెలు వాళ్ల కల్లం మధ్యలో పడ్డాయి. దాని పక్కన నేల రకం అని ఉంది. ఎర్ర నేల.

మూడుసార్లు చదివింది. అక్కడ ఒక్క పార తవ్వినవాడెవడూ ఆ మాట రాయడు. వాడు రాలేదు. పైనుంచి తీసిన బొమ్మలో ఎర్రగా కనపడిన చోట చుక్క పెట్టి, మట్టి తీశానని రాసి, అంకెలు అల్లేశాడు. ఆ అంకెలే తన తండ్రిని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాయి.

మర్నాడే ఫిర్యాదు చేయొచ్చు. చేస్తే ఏమవుతుంది? టైపింగ్ పొరపాటని రామకాంత్ ఒక ఉత్తరం రాసి చేతులు దులుపుకుంటాడు. అది ఆమెకి చాలదు. ఆ అబద్ధం వాడి నోటితోనే రావాలి. ఆ ఊళ్లోనే రావాలి. తన తండ్రిని వెలేసినవాళ్లంతా వినాలి. అందుకే చదువు పూర్తికాగానే చిలకలూరిపేట అడ్రసుతో రామకాంత్ ఆఫీసులోనే ఉద్యోగానికి అప్లికేషను పెట్టింది. అతను ఒక్కసారైనా ఊరికొచ్చి ఉంటే చెంచయ్య పోలికలున్న ఆమె మొహాన్ని గుర్తుపట్టేవాడే.

ఆర్నెల్లకి ఆమె కోరుకున్న పని వచ్చింది. ఫ్యాక్టరీ రెండో యూనిట్ కడుతోంది. మళ్లీ రిపోర్టు కావాలి.

ఆమె ఒక్క అంకె మార్చలేదు. ఒక్క గీత తప్పుగా గీయలేదు. నోటితో ఒకసారి అడిగింది కాబట్టి, రెండోసారి మెయిల్‌లో అడిగింది. "సార్, ఎస్-4 నేల రకం సరిచూడటానికి నన్ను వెళ్లమంటారా?" అక్కర్లేదని జవాబొచ్చింది. వారం ఆగి మూడోసారి రాసింది. ఈసారి మాత్రం ఎక్కడ సరేనంటాడోనని మానిటర్ ముందునుంచి కదల్లేదు. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "ఎర్ర నేలే. ఇంక విసిగించకు." రెండు మెయిళ్లూ ప్రింటు తీసి సంచిలో పెట్టుకుంది.

మార్చి రెండో వారంలో వాగొడ్డుపాలెం బడి ఆవరణలో షామియానా వేశారు. కొత్త యూనిట్ మీద ప్రజాభిప్రాయ సేకరణ. జిల్లా నుంచి అధికారిణి బాలత్రిపురసుందరి గారు వచ్చి మధ్య కుర్చీలో కూర్చున్నారు. వీడియో తీసేవాడు ట్రైపాడ్ నిలబెట్టాడు. ముందు వరసలో పేరమ్మ ముఠా, వెనక మగవాళ్లు.

భానుశ్రీ ఆ ఉదయమే రాజీనామా మెయిల్ పంపి, బస్సెక్కి వచ్చింది. వెనక స్తంభం పక్కన నిలబడింది. పేరమ్మ ఆమెని చూసి చూపు తిప్పుకుంది.

రామకాంత్ తెరమీద బొమ్మలు చూపిస్తూ గంటసేపు మాట్లాడాడు. ఫ్యాక్టరీ వల్ల గ్రామానికి నష్టం లేదన్నాడు. "అసలు సమస్య రైతులు విచ్చలవిడిగా వాడే పురుగుమందులది. ఎస్-4 దగ్గర మట్టే దానికి సాక్ష్యం," అని ముగించాడు. ప్రశ్నలుంటే అడగమన్నారు అధికారిణి.

భానుశ్రీ మైకు అందుకుంది.

"ఎస్-4 దగ్గర మట్టి ఎవరు తీశారండీ?"

రామకాంత్ ఆమెని చూసి ఉలిక్కిపడ్డాడు. తన ఉద్యోగే తనకి సాయంగా అందిస్తోందనుకున్నాడేమో, చిరునవ్వు తెచ్చుకున్నాడు. "నేనే స్వయంగా తీశాను. రిపోర్టులో ఉంది కదమ్మా."

"ఏ మట్టండీ?"

"ఎర్ర మట్టి. చేతికంటుకుంటే ఓ పట్టాన వదల్లేదు."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పేరమ్మ పక్కావిడని మోచేత్తో పొడిచింది. "ఏందే, ఎర్రమట్టంటాడు?"

"మీరే అడగండి పెద్దమ్మా," అంది భానుశ్రీ మైకులో. "ఆయన మాట నమ్మేగా మా చేలో దిగనన్నారు."

పేరమ్మ లేచి నిలబడింది. "ఏమయ్యో, అరుగులకి పూసుకోవాలంటే ఎర్రమన్ను వినుకొండ నుంచి బస్సులో మోసుకొస్తాం మేము. మా ఊళ్లో నీకెక్కడ దొరికింది?"

షామియానా గొల్లుమంది. అధికారిణి నవ్వలేదు. "ఆ చోటు ఎంత దూరం?" అని అడిగారు.

"పది నిమిషాల నడక మేడమ్."

"పదండి. కెమెరా కూడా రావాలి."

ఫోనులో చుక్క చూపిస్తూ భానుశ్రీ ముందు నడిచింది. పక్కనే అధికారిణి, వెనక చెమట తుడుచుకుంటూ రామకాంత్, ఆ వెనక ఊరంతా. చేల గట్టు మలుపు తిరగ్గానే కల్లం కనిపించింది. ఎకరంలో ముప్పావు వంతు, పరిచిన ఎర్ర తివాచీలా మిరపకాయలు. వాటి మధ్యలో ఉత్త కాళ్లతో కాయలు తిరగేస్తున్నాడు కౌలు రైతు బుడే.

చుక్క సరిగ్గా కల్లం నడుమ ఉంది. అధికారిణి గట్టు మీదే చెప్పులు విడిచారు. ఊరివాళ్లంతా విడిచారు. కల్లంలోకి చెప్పులతో దిగే మనిషి ఆ ప్రాంతంలో పుట్టలేదు. రామకాంత్ బూట్లతో దిగాడు. కాళ్ల కింద కాయలు పటపటమన్నాయి.

"ఒరేయ్, ఎవర్రా అది బూట్లేసుకుని దిగింది?" అని కేకేశాడు బుడే. "ఏడాది కష్టంరా నాయనా, తొక్కి పొడి చేస్తున్నావు."

"స్వయంగా వచ్చి మట్టి తీసిన సారే బుడే," అన్నారెవరో. "ఎర్రమట్టి తీశాడంట."

బుడే నోరు తెరిచి చూశాడు. తర్వాత అతనూ నవ్వాడు.

"ఆరోజు ఎలా తీశారో అలాగే తీసి చూపించండి," అన్నారు అధికారిణి.

బుడే చిన్న పార తెచ్చిచ్చాడు. రామకాంత్ మోకాళ్ల మీద కూర్చుని కాయల్ని చేతులతో పక్కకి నెట్టాడు. నలిగిన గింజల ఘాటు గాలిలోకి లేచింది. దగ్గు మొదలైంది. దగ్గుతూనే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఈ ఊళ్లో పుట్టిన పసిపిల్లలు కూడా చేయని తప్పు అది. క్షణంలో కళ్లు నిప్పుకణాలయ్యాయి. నీళ్లు ధారగా కారుతుంటే, తుమ్ముతూ, చూపానక, గుడ్డిగా పార దించాడు. పైకొచ్చింది నల్లరేగడి గడ్డ. కాటుకలా ఉంది.

భానుశ్రీ కదలకుండా చూసింది. పక్కన నీళ్ల బిందె ఉంది. అందించాలనిపించలేదు. ఎనిమిదేళ్ల కిందట తన చేతులు ఇలాగే మండేవి, ముగ్గురే కోసిన ఆ చేలో.

"మేడమ్, మ్యాపు వేసింది ఈ అమ్మాయే," అన్నాడు రామకాంత్ దగ్గుతూ. "మా ఆఫీసులో పనిచేస్తుంది. పొరపాటు తనది. నన్ను తప్పుదారి పట్టించింది."

ఆ మాట కోసమే ఆమె ఆ కాగితాల్ని సంచిలో మోసుకొచ్చింది. పాత రిపోర్టులోని అనుబంధం పేజీతో కలిపి అధికారిణి చేతికిచ్చింది. ఆవిడ రెండు మెయిళ్లూ కెమెరా వైపు తిరిగి గట్టిగా చదివారు. 'ఎర్ర నేలే. ఇంక విసిగించకు' దగ్గర ఒక్క క్షణం ఆగారు. "ఎనిమిదేళ్ల కిందటి నివేదికలోనూ ఇదే చుక్క, ఇదే నేల. తీయని మట్టిలో మందులు ఎలా దొరికాయో వారంలోగా రాతపూర్వకంగా చెప్పాలి. అంతవరకు మీ నివేదికలేవీ చెల్లవు. రెండో యూనిట్ విషయం తర్వాత," అన్నారు. ఆ నల్లగడ్డని సంచిలో వేయించి, దాని మీద అతనిచేతే సంతకం పెట్టించారు. అతనికి అక్షరాలు కనపడలేదు. ఎక్కడ పెట్టాలో బుడే వేలు పట్టుకుని చూపించాడు.

అందరూ చెదిరిపోతుంటే పేరమ్మ దగ్గరికొచ్చింది.

"మీ నాన్నని తీసుకురామ్మా. ఊరంతా ఎదురొస్తాం."

"మీరే వెళ్లి పిలవండి పెద్దమ్మా. వెళ్లగొట్టింది నేను కాదుగా."

మర్నాడు పొద్దున్నే పేరమ్మ ముఠా అంతా ఆటోలో పేట వెళ్లింది. భానుశ్రీ మిల్లు గేటుకి ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి చూసింది. చెంచయ్య యూనిఫారం చొక్కా సర్దుకుని, వచ్చినవాళ్లని ఒక్కొక్కరినీ తేరిపార చూశాడు. గేటు తెరవలేదు. రిజిస్టరు తీశాడు.

"పేరు?"

"నన్నెరగవా చెంచయ్యా?"

"పేరు చెప్పాలి. రూలు."

"పేరమ్మ."

"వచ్చిన పని?"

పేరమ్మ తన ముఠా వైపు ఒకసారి చూసింది. వెనకాల పత్తి లారీ హారన్ కొట్టింది. చెంచయ్య పెన్ను పట్టుకుని అలాగే ఉన్నాడు.

"తప్పు చేశామని చెప్పుకోడానికి," అంది చివరికి.

చెంచయ్య ఆ మాటని ఒక్కో అక్షరమే నింపాదిగా రాశాడు. మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. తర్వాత గోడ పక్కనున్న బెంచీ చూపించాడు.

"నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. అందాకా కూర్చోండి."

అప్పటికి టైము తొమ్మిదిన్నర. భానుశ్రీ ఇంకో టీ చెప్పింది.