అరచుట్టు

మా బాబాయి పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. స్క్రూ ఎంత బిగిస్తే అంత బలం అంటాడు. డ్రిల్లు ఆగాక కూడా చేత్తో ఇంకో అరచుట్టు తిప్పితే గాని తృప్తి ఉండదు. ముప్పై ఏళ్లు వడ్రంగం చేసిన చెయ్యి మరి.

ఇప్పుడాయన పని చెక్కతో కాదు. పల్చటి ఉక్కు దూలాలు, వాటి మీద సిమెంటు పలకలు. విడివిడిగా రెండూ అర్భకాలే. స్క్రూలు కలిపి పట్టి ఉంచితేనే ఒక్కటై బరువు మోస్తాయి. మా ఊరి బడి పైఅంతస్తు అంతా అలాగే కట్టబోతున్నారు. బాబాయి బిగించిన నమూనా నేల మా పరీక్షశాలలో నెగ్గితే ఆ పని ఆయన జట్టుకే. పరీక్షించేది నేను.

ఇసుక బస్తాలు ఒక్కొక్కటే పేర్పించాను. సగం బరువుకే పలకలు కిర్రుమని దూలాల మీద జారాయి. నేల మధ్యలో ఉండాల్సినదానికి రెండింతలు కుంగింది. బస్తాలు దింపించి చూస్తే, ప్రతి స్క్రూ తలా పలకలోకి దిగబడి ఉంది. చుట్టూ పలక నలిగి పిండైపోయింది.

"తల పలకకి సమంగా ఆగాలి బాబాయ్. నువ్వు పలకనే నలిపేశావు. ఇక ఉక్కుని ఏం పట్టుకుంటుంది?"

"తెగేదాకా లాగొద్దని మీ అందరికీ చెప్పేది నేనే," అన్నాడు. నవ్వలేదు.

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంకో నమూనా చేసుకోవచ్చని, నిబంధనల్లోనే ఉందని చెప్పాను. ఆయన మొహం తేటపడలేదు. నలిగిన పలకను వేలితో తడుముతూ కూర్చున్నాడు.

"బళ్లో పైన ఒక గది అయిపోయిందమ్మా. తొందరపడి ముందే వేయించుకున్నారు. మొన్ననే పిల్లల్ని కూర్చోబెట్టారు. అదీ ఈ చేత్తోనే బిగించా."

ఆ సంగతి నాకు తెలియదు. చెబితే పని చేజారుతుందని మాత్రం ఆయనకు బాగా తెలుసు.

"అదీ నీ రిపోర్టులో రాసెయ్. హెడ్మాస్టరుకి నేనే ఫోన్ చేస్తా, గది ఖాళీ చెయ్యమని."

పని వేరే జట్టుకు వెళ్లిపోయింది. ఆ ఒక్క గదీ తనే సరిచేస్తానని బతిమాలుకున్నాడు బాబాయి. తనిఖీకి వెళ్లాను. పలకలన్నీ కొత్తవి. నా ఎదుటే డ్రిల్లుతో ఒక స్క్రూ దించాడు. తల పలకకి సమంగా వచ్చి ఆగింది. ఆయన చెయ్యి మాత్రం ఆగలేదు, జేబులోని స్క్రూడ్రైవరు మీదికి వెళ్లింది. దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"పనయ్యేదాకా నీ దగ్గరుంచు. ఈ చెయ్యి నా మాట వినదు."