కల్లంలో మజ్జిగ

మిట్టమధ్యాహ్నానికి భవ్య చేతులు భగభగ మండుతున్నాయి. పొద్దున్నే మిరపకోతకు దిగి, సగం రోజు కూలి వదులుకుని, ముఠా మేస్త్రి చాంద్‌బీని బతిమాలుకుని జైలుకొచ్చింది. పండుకాయ కోసిన చేతులకు ఆముదం రాసినా, సబ్బుతో తోమినా ఆ మంట తొందరగా పోదు. ములాఖత్ గదిలో ఇనప జాలీకి ఇవతల నిలబడితే కళ్లలో నీళ్లు తిరిగాయి గాని తుడుచుకోలేదు. ఆ చేతులు కంటికి తగిలితే ఏమవుతుందో కోతకెళ్లే ప్రతి ఆడదానికీ తెలుసు.

జాలీకి అవతల ఆమె తల్లి కోటిరత్నం. సొంత తమ్ముడికి మజ్జిగలో పురుగుమందు కలిపి ఇచ్చినందుకు యావజ్జీవ శిక్ష పడింది. అంతకు ముందే మొగుణ్ణి కూడా అలాగే చంపిందని ఊరంతా అనుకుంటుంది. ఆ కేసు మాత్రం రుజువు కాలేదు.

మొగుడు ఏడుకొండలు కౌలురైతు. మిరపతోటకు తామరపురుగు తగిలినా, కాయకు రేటు పడిపోయినా ఆ కసి పెళ్లాం మీద తీర్చుకునేవాడు. పలుపుతాడు తీసుకుని బజార్లోనే కొట్టేవాడు. అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషులు అటు తిరిగి చుట్టలు కాల్చుకునేవాళ్లు. మొగుడూ పెళ్లాల గొడవలో మనమెందుకన్నది వాళ్ల న్యాయం. పుట్టింటికి పారిపోతే తమ్ముడు మాల్యాద్రి ఆటోలో వెనక్కి తీసుకొచ్చి దించి, బావగారింట్లో కాఫీ తాగి మరీ పోయేవాడు.

ఒక కార్తీకంలో ఏడుకొండలు చేనుగట్టు మీద నురగలు కక్కుతూ పడిపోయాడు. అవి రోజూ తోటకు మందు కొట్టే రోజులు. చొక్కాకు ఆ వాసన, పక్కబట్టలకు ఆ వాసన, అన్నంలోనూ అదే వాసన. గ్లాసులో ఉన్నదేమిటో తాగినవాడికే తెలియలేదు. అప్పట్లో ఎవరూ అనుమానపడలేదు. రైతు చచ్చాడంటే తనంతట తానే పురుగుమందు తాగి చచ్చాడని నమ్మడం మన పల్లెలకు అంత అలవాటైపోయింది మరి! నాయకులొచ్చారు, ఫ్లెక్సీ కట్టారు, కోటిరత్నాన్ని ఓదార్చి ఫొటోలు దిగారు.

మూడేళ్లకు మాల్యాద్రి. ఈసారి ఆమె లెక్క తప్పింది. అప్పటికి మందు కొట్టడాలు ముగిసి, కాయ కల్లంలో ఎండుతోంది. అతను గటగటా తాగి పడిపోయాక, మిరప ఘాటు తప్ప మరో వాసన లేని చోట ఆ మజ్జిగ గ్లాసు కంపు కూలీలందరికీ తెలిసిపోయింది. ఆ గ్లాసు కల్లానికి తీసుకెళ్లింది భవ్య. తల్లి చీర కొంగు కప్పి చేతికిచ్చింది, పిల్ల తీసుకెళ్లి మేనమామకిచ్చింది. కోర్టులోనూ అదే చెప్పింది.

మాల్యాద్రికీ భవ్యకూ అప్పటికే పెళ్లి ఖాయమైంది. అతనికి నలభై, పిల్లకు పదిహేను. మేనరికం కదా, ఎవరికీ తప్పుగా కనిపించలేదు. అందుకే తల్లి తన కోసమే ఆ పని చేసిందని భవ్య నమ్మింది. కోత సాళ్లలో ఆడవాళ్లూ అదే అనేవాళ్లు. తనను కాపాడిన తల్లిని తన నోటితోనే జైలుకు పంపానని పిల్ల లోలోపల కుళ్లి ఏడ్చేది. అందుకే కూలి పోయినా సరే, రానిచ్చినప్పుడల్లా వచ్చేది.

"పెద్దకోర్టుకెళ్తున్నాం గదా," అంది కోటిరత్నం గొంతు తగ్గించి. "నువ్వొక మాట చెప్పాలే అమ్మాయ్."

"ఏం చెప్పాలి?"

"మామంటే ఇష్టం లేక మజ్జిగలో నేనే కలిపానని చెప్పు. అప్పుడు నీకు పదిహేనేళ్లే గదా. చిన్నపిల్లవని కొన్నాళ్లు హోములో ఉంచి వదిలేస్తారు. నేను బయటికొస్తాను."

భవ్య వెంటనే కాదనలేదు. ఇన్నాళ్లూ మోసిన బరువు దిగడానికి ఇదొక్కటే దారేమో అనిపించింది. తలూపబోయి, చిన్న గొంతుతో అంది: "నాకోసమేగా అమ్మా నువ్వు చేసింది. నాకు పెళ్లి తప్పించడానికేగా."

అవునన్నా సరిపోయేది. అప్పుడా పిల్ల తలూపేసేది. కానీ కోటిరత్నానికి తమ్ముడి పేరెత్తితే ఒళ్లు తెలియదు.

"పెళ్లి తప్పించడానికా? ఆ పెళ్లి కుదిర్చిందే నేను! మీ నాన్న చావు సంగతి వాడు పసిగట్టి నన్ను పీక్కుతింటంటే, నోరు మూసుకుంటాడని నిన్నిస్తానన్నా. అక్కడితో ఆగాడా సచ్చినోడు? కౌలుపొలం కూడా తన పేర్న మార్పించమన్నాడు. పలుపుతాడు దెబ్బలు తిని నిలుపుకున్న పొలమే అది! వాడికెట్టా ఇస్తానే?"

భవ్య జాలీ పట్టుకుని నిలబడింది. పక్కన ఎవరో ముసలామె కూతురి కోసం ఏడుస్తోంది.

"మరి మజ్జిగ నా చేతికెందుకిచ్చావ్?" అంది చివరికి.

"నేనిస్తే వాడు తాగేవాడా? నా చేతి నీళ్లు కూడా ముట్టుకునేవాడు కాదు. నువ్వు ఇస్తేనే తాగుతాడు."

"దొరికిపోతే నా మీదికొస్తుందని తెలుసా?"

కోటిరత్నం గొంతు మెత్తబరిచింది. "కోతల కాలంలో చేతులు మండుతున్నాయని ఏడిస్తే ముద్దలు కలిపి నోట్లో పెట్టి పెంచానే నిన్ను. ఈ ఒక్క మాట చెప్పలేవా?"

"చెప్పను."

"ఏందే?"

"చెప్పనమ్మా."

టైమయిందని మహిళా వార్డరు వచ్చి కోటిరత్నం భుజం తట్టింది. కోటిరత్నం వార్డరు వైపు తిరిగి నవ్వింది. "చిన్నపిల్లండీ, బెదిరిపోయింది. చెబుతుంది లెండి. నా కూతురు నా మాట ఎప్పుడూ జవదాటలేదు."

తలుపు దాకా పోయిన భవ్య ఆ మాట విని గిరుక్కున తిరిగొచ్చింది. ఛెళ్లుమని జాలీ మీద చరిచింది. ఏడుస్తున్న ముసలామె ఏడుపాపింది.

"మేడమ్, చెప్పనండీ! మజ్జిగలో నేను కలపలేదు. మా అమ్మే కలిపింది. మా నాన్నకి కూడా మా అమ్మే కలిపింది. ఎవరడిగినా ఇదే చెబుతాను."

అందర్నీ దబాయించే కోటిరత్నం జాలీ దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేసింది. ఇద్దర్ని చంపి కూడా ఎన్నడూ తొణకని ఆ మనిషి, కన్నకూతుర్ని చూసి మొదటిసారి భయపడింది.