దగ్గు పాఠం

"నేను దగ్గగానే పేజీ తిప్పాలి. ముందే తిప్పారో, వీపు విమానం మోతే!"

పొద్దుటినుంచి పెద్దక్క ఈ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. పిల్లల తల్లిదండ్రులు వచ్చే వేళయింది. శిశు తరగతి పిల్లలు కొత్త పుస్తకాలు చేత్తో పట్టుకుని, కళ్లు మాత్రం పెద్దక్క నోటి మీదే పెట్టి నిలబడ్డారు. కొందరికి ఒంటికి వెళ్లాలని ఉంది. అడగడానికి భయం.

పెద్దక్క ఈ బడికి ప్రధానోపాధ్యాయురాలు. శిశు తరగతి టీచరుకు ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆమే, జ్వరమొస్తే మందులు తెచ్చిచ్చిందీ ఆమే. తోడబుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరని టీచరు నలుగురితోనూ చెప్పుకునేది.

కిందటి నెల దాకా ఆ తరగతిలో ఈ పుస్తకాలు లేవు. టీచరు పళ్లెంలో ఇసుక పోసి, వేలితో అక్షరాలు దిద్దించేది. మాటను చప్పట్లతో విరిచి, వినబడిన ఒక్కో ముక్కకూ ఒక్కో గుండీ ముందుకు జరపమనేది. ఆ గుండీలు దర్జీ ఇచ్చినవి. కూతురు చదువుకుంటోందని మురిసిపోయి, డబ్బాడు మోసుకొచ్చాడు పాపం. ఆ కూతుర్ని అందరూ వాగుడుకాయ అంటారు. అది ఏది వాగితే అదే టీచరు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, మాట మాటకీ వేలు పెట్టించేది. "మా నాన్న మిషను తొక్కుతాడు" అన్న వాక్యంలో "నాన్న" ఎక్కడుందో ఆ పిల్ల తనంతట తానే పట్టుకున్న రోజు టీచరుకు అన్నం సయించలేదు, అంత సంబరం!

"బాగానే ఉందే. కానీ ఇసుక చూసి ఎవరు చేరుస్తారు పిల్లల్ని?" అంది పెద్దక్క. "బడి యజమానికి పైకి కనబడాలి. చేతిలో పుస్తకం ఉండాలి, నోరు ఆడాలి. ఈ ఒక్కసారికీ బట్టీ పట్టించు తల్లీ. రేపు మాటొస్తే నేను లేనూ?"

టీచరు నమ్మింది. ఇసుక పారబోసింది.

గది నిండింది. యజమాని ముందు వరసలో కూర్చున్నాడు. పిల్లలు అందుకున్నారు. పెద్దక్క దగ్గింది, పేజీలు తిరిగాయి. మళ్లీ దగ్గింది, మళ్లీ తిరిగాయి. దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. అంతలో వెనక వరసలో ఎవరి తాతగారికో దగ్గు తెర వచ్చింది. ఆయన ఆపుకోలేకపోయాడు, పిల్లలూ ఆగలేదు. టపటపా పేజీలు తిప్పేశారు. రైలు బొమ్మ మీద వేలు పెట్టి "ఆవు గడ్డి మేస్తోంది" అని గొంతెత్తి అరిచారు.

ముందు ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గదంతా గొల్లుమంది. యజమాని మాత్రం నవ్వలేదు.

పెద్దక్క చేతులు జోడించింది. "క్షమించండి. అనుభవంలేని పిల్ల. నాకు తెలియకుండా బట్టీ పట్టించింది. వద్దమ్మా, వద్దమ్మా అని మొత్తుకుంటే వింటేనా!"

టీచరు పెద్దక్క వైపు తిరిగింది. ఎంత మాటన్నావక్కా! నమ్మించి గొంతు కోశావే! కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అవి దుఃఖానివో కోపానివో ఆమెకే తెలియలేదు.

"చెప్పమ్మా, అందరి ముందూ తప్పు ఒప్పుకో" అన్నాడు యజమాని.

పెద్దక్క ఆమె మోచెయ్యి నొక్కింది. "ఊఁ అనెయ్యి. నీ ఉద్యోగానికి నేను పూచీ" అంది గుసగుసగా.

అప్పుడు దర్జీ లేచాడు. "ఎవరు పట్టించారో నాకెందుకు గానీ, టీచరమ్మా, ఉన్నమాట చెప్పు. మా పిల్లకి చదువొచ్చినట్టా, రానట్టా?"

"రాలేదన్నా." టీచరు దర్జీ వైపు తిరిగి అంది. "వస్తూ ఉండగా మేమే ఆపేశాం. ఈవిడ ఆపమంది, నేను ఆపాను."

ఏం తప్పు చేసిందో తెలియక వాగుడుకాయ తండ్రి చొక్కా పట్టుకుని ఏడుపు లంకించుకుంది.

"ముందు క్షమాపణ చెప్పు!" యజమాని గద్దించాడు.

టీచరు తన మోచెయ్యి విడిపించుకుంది. "వీళ్లకి చెప్తాను. మీకు చెప్పను. ఈ మేడమ్‌కి అసలే చెప్పను."

"కార్యక్రమం అయిపోయింది. అందరూ ఇక బయల్దేరండి" అన్నాడు యజమాని.

ఎవరూ కదల్లేదు.