చుక్కల యంత్రం

మెమరీ కార్డును పట్టి ఉంచే కొత్త పలక అంచును గవరయ్య పెన్సిల్ రబ్బరుతో రుద్దుతున్నాడు. బల్ల మీద ముప్పయ్యేళ్ల నాటి కంప్యూటరు మూత ఊడదీసి ఉంది. లోపల దుమ్ము, పట్టీల్లాంటి తీగలు, ఇటుకంత హార్డ్ డిస్కు. అది నడుస్తూనే, పొద్దుటి నుంచి టకటకమంటోంది.

ఖిదిర్‌పూర్‌లోని ఆ అంధుల బడిలో బ్రెయిలీ అచ్చుయంత్రం ఈ కంప్యూటరు మాటే వింటుంది. దాన్ని నడిపే ప్రోగ్రాము ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. రేపు ముప్పై ఇద్దరు పిల్లలకు లెక్కల పరీక్ష.

"మూడింటికల్లా కాకపోతే ప్రశ్నలు ఎవరిచేతనైనా చదివిద్దాం, గవర్‌దా," అని హెడ్మాస్టరు అభిజిత్ బెంగాలీలో చెప్పి వెళ్లాడు.

ప్రూఫులు వేళ్లతో చదివే రోజారాణి తల తిప్పింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఏక్‌బాల్‌పూర్‌లో గవరయ్య ఉండే సందే ఆమెదీ.

"నాకూ అలాగే సదివినారు బాబాయ్. 'ఛయ్'ని 'నయ్' అనీసినాడు. ఆరు కాస్తా తొమ్మిదైపోనాది. ఏడాది పోనాది."

గవరయ్య మళ్లీ రబ్బరు అందుకున్నాడు. సోంపేట నుంచి వచ్చి రేవులో బస్తాలు మోసినవాడి కొడుకు. ఈ గదిలోకి ఊడవడానికి వచ్చాడు. యంత్రం బిగించే ఇంజినీరు పక్కన చీపురుతో నిలబడి, ఏ మర ఎక్కడికి పోతుందో చూశాడు. ఇంజినీరు మళ్లీ రాలేదు. రిజిస్టరులో గవరయ్య నేటికీ స్వీపరే. మార్చమని అతను అడగనూ లేదు.

డిస్కులోని ప్రోగ్రామును చిన్న మెమరీ కార్డులోకి ఎక్కించి, డిస్కు బదులు దాన్ని వాడాలి. అందుకు ఒకసారి కరెంటు ఆపాలి. ఆపితే ఆ డిస్కు మళ్లీ తిరుగుతుందో లేదో.

ఆపాడు. గది ఒక్కసారిగా మూగబోయింది. పలకనీ కార్డునీ వాటి చోట్లలో బిగించి స్విచ్చి వేశాడు. కంప్యూటరు పెట్టె లోపలి పంకా తిరిగింది.

"డిస్కు తిరగలేదు బాబాయ్."

మరలు విప్పి, తీగలు ఊడకుండా డిస్కును ఆమె చేతుల్లో పెట్టాడు. పొద్దున్న పెట్టెను ఒక్కడే జరిపాడు. అప్పటినుంచీ ఎడమ భుజం లాగుతూనే ఉంది.

"నాను స్విచ్చి ఏసినప్పుడు మణికట్టు ఒక్క ఇసురు తిప్పు."

మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి ఆమె అరచేతిలో సన్నగా జలదరింపు.

"తిరుగుతంది!"

"కదపకు."

నలభై నిమిషాలు రోజారాణి బొమ్మలా కూర్చుంది. తెర మీద ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి జరుగుతున్నాయి. ఒక పేరు దగ్గర ఆగిపోయింది. డిస్కు కీచుమంది. గవరయ్య మెడ మీద చెమట చొక్కాలోకి దిగింది. పేరు మళ్లీ కదిలింది.

"ఏటి బాబాయ్, ఊపిరలా తీస్తన్నావు? డాక్టరు కాడికెల్దాం."

"ఇదవనీ."

చివరి ఫైలు దాటిన కాసేపటికే డిస్కు ఆమె చేతిలో ఆగిపోయింది. అతను దాని తీగలు పీకేసి కార్డుతో కంప్యూటరును మళ్లీ లేపాడు.

"సప్పుడేదీ?"

"ఇక సప్పుడుండదే," అని నవ్వాడు.

అచ్చుయంత్రం దబదబా మొదలైంది. మొదటి ప్రతిని ఆమె వేళ్లతో తడిమి, తప్పు లేదంది. రెండున్నరకు ముప్పై రెండూ అయ్యాయి. ఆమె కట్టను హెడ్మాస్టరు గదికి తీసుకెళ్లింది. మెట్లు ఎక్కుతుంటే వెనక యంత్రం ఇంకొక్కసారి మోగి ఆగింది.

తిరిగి వచ్చి, "బాబాయ్, డాక్టరు కాడికి పద," అంది. తడుముకుంటూ వెళ్లింది. గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. భుజం తట్టింది. ముక్కు కింద వేళ్లు పెట్టి చాలాసేపు ఉంచింది. ఊపిరి తగల్లేదు. తర్వాత అభిజిత్‌ను పిలవడానికి గుమ్మం దాకా వెళ్లింది.

పిల్లలు తమ వేళ్లతోనే ప్రశ్నలు చదువుకుని పరీక్ష రాశారు. మూడోనాడు రోజారాణి ముద్రణగది తలుపు తీసి, యంత్రం మీది దుమ్ము తుడుస్తుంటే చేతికి కాగితం తగిలింది. ఒకే ఒక్క వరుస. బెంగాలీ మీటలతో కొట్టిన తెలుగు మాటలు. బ్రెయిలీ చుక్కలు రెండు భాషలకూ దాదాపు ఒకటే.

'రోజారాణీ, సరిగ్గా పడినాదా? సెప్పు.'

ఆమె దాన్ని చింపలేదు. యంత్రం నోట్లోంచి సగం బయటికి వచ్చి, ఆ కాగితం అలాగే వేలాడుతోంది.