రోర్క్ వెంట వెళ్ళిపోయిన గొంతు

ఒహాయోలో హాలోవే అనే ఊళ్ళో ప్రతి మంగళవారం పశువుల వేలం జరుగుతుంది. తెల్లారేసరికి ట్రక్కులు బారులు తీరతాయి. రైతులు కాగితపు గ్లాసుల్లో కాఫీ తాగుతూ దూడల నడుములు నిమిరి చూస్తారు. అందరూ సర్దుకున్నాక వెర్లిన్ స్ట్రౌడ్ బల్ల ఎక్కి వేలం మొదలుపెట్టేవాడు. ఆయన నోట అంకెలు రేకుల కప్పు మీద వడగళ్ళలా రాలేవి. మధ్యలో ఊపిరి ఎప్పుడు తీసుకునేవాడో ఎవరికీ తెలిసేది కాదు.

అదంతా మార్చి నెల దాకా. మార్చిలో కేడెన్ రోర్క్ వెళ్ళిపోతూ ఆ గొంతు కూడా తీసుకుపోయాడు.

రోర్క్ ఆ ఊరంతా అభిమానించే మ్యూల్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్. బంతి ఎవరికి విసరాలన్నా, ఎప్పుడు విసరాలన్నా అతని చేతిలోనే ఉండేది. ఓడిపోవడమే అలవాటైన జట్టుని ఏడేళ్ళు మోశాడు. ఒకరోజు, "నేనిక ఇక్కడ ఆడను, నన్ను వేరే జట్టుకి పంపేయండి" అన్నాడు. ఒప్పందం ఇంకా ఉందిగా అన్నారు యజమానులు. అతను సాధనకి రావడం మానేసి ఇంట్లో కూర్చున్నాడు. చివరికి వాళ్ళే విసిగి టెక్సస్ జట్టుకి ఇచ్చేశారు.

ఆ మర్నాడు, అతని కోసం ఎవరు ఎంత అరిచారో వాళ్ళకి అంత గొంతు పోయింది. హోటల్లో వడ్డించే టామ్సిన్‌కి ఈల పోయింది. పాస్టరుగారికి 'ఆమెన్' దగ్గర జీర వచ్చింది. ఒక్క ఆట కూడా వదలకుండా అరిచిన వెర్లిన్‌కి అసలు మాటే లేకుండా పోయింది. దీనికి ఎవరూ వింత పడలేదు. గొడుగు ఎవరింట్లోనో మరిచిపోయి వచ్చినట్టు, "అతని దగ్గరుంది" అనుకున్నారు.

తిట్టినవాళ్ళకి తిరిగొచ్చింది కూడా. టామ్సిన్ అతని పేరున్న జెర్సీని చెత్తడబ్బాలో వేసి కాల్చింది. మంట ఆరకముందే ఈల వచ్చింది. పాస్టరుగారు ఏసుని పట్టిచ్చిన యూదా మీద ప్రసంగం చేస్తే 'ఆమెన్' కిటికీలు అదిరేలా పలికింది. వెర్లిన్ కూడా పెరట్లో తన జెర్సీ కాల్చాడు. పొగ వచ్చింది, మాట రాలేదు.

"మనసులో తిట్టకుండా గుడ్డ కాలిస్తే ఏమొస్తుంది, దగ్గు తప్ప?" అంది ఆయన భార్య ఆర్డిత్. పెదాల కదలిక చూసి ఆయన మాట ఆమె చదివేస్తుంది.

"నేను తిట్టాను," అన్నాయి పెదాలు.

"తిట్టావులే. అగ్గిపుల్ల వెలగట్లేదని అగ్గిపెట్టెని తిట్టావు."

సంత యజమాని లోవెల్ మంచివాడే. ఇన్నాళ్ళూ తనే బల్ల ఎక్కి, తడబడుతూ వేలం నెట్టుకొచ్చాడు. నవంబరులో ఒకనాడు టోపీ చేత్తో పట్టుకుని వెర్లిన్ ఇంటికి వచ్చాడు.

"పెద్దాయనా, నా వేలం విని ఆవులు కూడా నవ్వుతున్నాయి. వచ్చే మంగళవారానికి నీ గొంతు రాకపోతే ఇండియానా నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకోక తప్పదు. ఆదివారం ఆ రోర్క్ మన మీద ఆడటానికి వస్తున్నాడుగా! నీకు పుణ్యముంటుంది, మొహం మీదే తిట్టు."

ఆ బల్ల లేకపోతే తనెవరో వెర్లిన్‌కి తెలియదు. సరేనని తలూపాడు.

ఆదివారం స్టేడియం బయట, కారు డిక్కీ తెరిచి సాసేజీలు కాలుస్తూ ఆర్డిత్ అడిగింది.

"ఇన్నేళ్ళలో ఎన్ని పశువుల్ని అమ్ముంటావు?"

ఆయన రెండు చేతులూ బార్లా చాపాడు.

"వాటిల్లో ఒక్కటైనా, నేను ఆయనింటికి పోను, ఈయనింటికి పోతానని అందా?"

"మనిషిని పశువుతో పోలుస్తావేం?" అన్నాయి వెర్లిన్ పెదాలు.

"నేనా పోల్చింది? జట్టువాళ్ళు ఆటగాళ్ళని అమ్మినప్పుడు ఏ జెర్సీ కాలింది? వీడు గేటు తనే తీసుకున్నాడనేగా మన ఏడుపంతా."

"ఒక మాట చెప్పి వెళ్ళాల్సింది."

"చెప్పే ఉంటాడు. మనకెలా వినపడుద్ది? అరుస్తున్నాంగా."

ఆయన సాసేజీ తిన్నాడు.

ఆటగాళ్ళు లోపలికి వెళ్ళే దారికి సరిగ్గా పైనే వాళ్ళ సీట్లు. తిట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. లోవెల్ వెనక వరసలో కూర్చున్నాడు. రోర్క్ మైదానంలోకి రాగానే ఎనభై వేల మంది ఛీ కొట్టారు. వెర్లిన్ కూడా నోరు తెరిచాడు, గాలి మాత్రం వచ్చింది.

ఆట సగం దాటాక రోర్క్ బంతి విసిరాడు. అది చేతిలోంచి వెళ్ళిపోయాక మ్యూల్స్ ఆటగాళ్ళు ఇద్దరు వచ్చి గుద్దారు. పడ్డవాడు లేవలేదు. జనం కేరింతలు కొట్టారు, తర్వాత దేనికి కొడుతున్నారో వాళ్ళకే కనిపించి ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో, పచ్చిక మీద పడున్న మనిషి దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది.

"లే నాయనా, లే, లే, ఒక మోకాలు, ఒక మోకాలొచ్చింది, రెండో మోకాలు ఎవరిస్తారు, రెండో మోకాలు, ఒకటోసారి, రెండోసారి, లే నాయనా, లే..."

హాలోవే వాళ్ళందరూ తలలు తిప్పి వెర్లిన్ వైపు చూశారు.

"నీదే," అంది ఆర్డిత్ మెల్లగా. "నువ్వరిచిందంతా దాచుకున్నాడు."

రోర్క్ ఒక మోకాలు మీద లేచాడు. తర్వాత రెండోది. వైద్యులు చెరోవైపు పట్టుకుని లోపలికి నడిపించుకొస్తున్నారు.

"ఇప్పుడే, పెద్దాయనా!" వెనక నుంచి లోవెల్ భుజం కుదిపాడు. "తిట్టు! మళ్ళీ దొరకడు!"

వెర్లిన్ కమ్మీ పట్టుకుని వంగాడు. ఎనిమిది నెలలుగా నానబెట్టుకున్న తిట్టు నాలుక చివరే ఉంది. కింద రోర్క్ తలెత్తి చూశాడు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. ముప్ఫై నిండీ నిండని మనిషికి అదేం నెరుపు? వెర్లిన్ పెదాలు ముందు కదిలాయి, శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చి వాటిని అందుకుంది.

"దెబ్బ ఎక్కడ తగిలింది నాయనా?"

అలా వచ్చిన గొంతు మళ్ళీ పోలేదు. మంగళవారం వేలం నడిపింది వెర్లినే. కానీ ఆ క్షణాన తనకి మాట వచ్చిందన్న సంగతే ఆయన గమనించలేదు. జవాబు కోసం కిందకి చూస్తున్నాడు. పక్కనున్నవాళ్ళు ఛీ కొట్టబోయి, వాళ్ళూ చూస్తున్నారు.

రోర్క్ ఆగాడు. ఆ మైదానంలో ఎవరూ ఎప్పుడూ తనని అడగని మాట అది. ఎడమ పక్కటెముక మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇక్కడండీ," అన్నాడు. "మీ దగ్గర ఆడేటప్పటి నుంచీ ఉంది."