మూకుళ్ల స్లాబు

సెంట్రింగు చెక్కలు విప్పగానే స్లాబు అడుగున బోర్లించిన మట్టి మూకుళ్లు వరసగా కనిపించాయి. నాకు ముచ్చటేసింది. మా మేనమామ సూర్యారావుకి గుండె జారింది.

"ఏటే ఝాన్సీ ఇది? గది కట్టమంటే వంటసామానెట్టీసినావు?"

మావ రాజాంలో ధాన్యం వ్యాపారి. కాటా కోసం కాచుకునే రైతులు రేకుల కింద ఉడికిపోతున్నారని కొట్టు వెనక గది కట్టమన్నాడు. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని. ఉద్యోగం మానేసి సొంతంగా గీసిన మొదటి కట్టడం ఇదే. స్లాబు కింది సగంలో బరువు మోసేది ఇనుమే, కాంక్రీటుకి పెద్ద పనుండదు. ఆ పనిలేని కాంక్రీటు బదులు మూకుళ్లు పెడితే సిమెంటు తగ్గుతుంది, వాటిలోని గాలి ఎండ వేడిని ఆపుతుంది. ఇదంతా మావకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తలూపాడు. ఒక్కసారీ వినలేదని ఇప్పుడు తెలిసింది.

"సోమారం కొట్టించీసి మామూలు స్లాబెయిస్తాను. రైతులు కూకుంటారే. ఆళ్ల నెత్తిమీద పడితే ఏటి సెప్పాల?"

ఆ భయంలో తప్పులేదు కాబట్టి నాకు ఇంకా ఒళ్లు మండింది. ఈ స్లాబు కొట్టేస్తే ఊళ్లో ఇంకెవరూ నాచేత పందిరి కూడా వేయించుకోరు.

"కొట్టేముందు బరువెట్టి సూద్దాం మావా. డెబ్బై బస్తాల ధాన్యం ఇయ్యి. పగిల్తే మొదటి సుత్తిదెబ్బ నేనే ఏస్తాను."

ఆదివారం పొద్దున్న స్లాబుకి తగలకుండా, రెండంగుళాల కిందుగా ఇనప సపోర్టులు నిలబెట్టించాను, ఒకవేళ దిగితే ఆపడానికి. వెంట్రుకవాసి వంగినా చూపించే డయల్ గేజి బిగించాను. కొట్లో బస్తాలు మోసే కళాసీ కొండబాబు, అతని మనుషులు బస్తాలు పైకి మోశారు. నా లెక్క ప్రకారం డెబ్బై బస్తాలకి స్లాబు ఒక మిల్లీమీటరు వంగాలి. డెబ్బయ్యో బస్తా పడేసరికి ముల్లు ఒకటీ పాయింట్ ఆరు దగ్గర నిలబడింది.

లెక్క తప్పింది. దాచిపెట్టే రకాన్ని కాను కాబట్టి మావ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మావ మూలనున్న సుత్తి కేసి చూశాడు. అరిచినా బాగుండేది.

మెట్లు దిగుతూ కొండబాబు నడుం పట్టుకున్నాడు. "ఎనబై కేజీల బస్తాలు డెబ్బై మోయించినావమ్మా. నడుం ఇరిగిపోనాది."

"ఎనబైయా? బస్తా ఏబై కాదా?"

మావ నావైపు తిరిగాడు. "బియ్యం బస్తా ఏబయ్యే. ధాన్యం బస్తా ఎనబై. ధాన్యం యాపారి మేనకోడలివి, అదీ తెల్దేటే నీకు?"

సిగ్గుతో చచ్చిపోయాను. మరుక్షణమే లెక్క కట్టాను. యాభై కేజీల బస్తాలకి ఒక మిల్లీమీటరైతే, ఎనభైకి ఒకటీ పాయింట్ ఆరు. ముల్లు నిలబడ్డది సరిగ్గా అక్కడే. నా స్లాబు నేను గీసినట్టే వంగింది, పైగా రెండు టన్నులు అదనంగా మోసింది. పరుగెత్తి టార్చి వేసి మూల మూలా వెతికాను. ఎక్కడా పగుల్లేదు. సంతోషం పట్టలేక అక్కడే నవ్వుతూ ఏడ్చేశాను.

మావకి మొత్తం చెప్పి, "నేననుకున్న బరువు కంటే ఇరవయ్యారు బస్తాలు ఎక్కువున్నాయి, దించమను" అన్నాను.

మావ స్లాబు కేసి చూశాడు. తర్వాత కొండబాబుని పిలిచాడు.

"దించొద్దురా. రేపు రైతులందరూ వస్తారు. మా ఝాన్సీ కట్టిన స్లాబు ఆళ్లు కూడా సూడాల."

ఇంజినీర్ని, లెక్కకి మించిన బరువు ఉంచొద్దనాలి. నోరు రాలేదు.